సంక్రాంతి నుంచి శ్రావణం దాకా: ఒక చిన్న సీ ఎనిమోన్‌కు పేరు వెతికిన నా అనుభవం

సంక్రాంతి సెలవుల్లో మొదలైన పని శ్రావణమాసంలో ఒక కొలిక్కి వచ్చింది. విశాఖపట్నం తీరంలో బండలకు అంటుకుని బతికే వేలి గోరంత సీ ఎనిమోన్, అంటే పువ్వులా విచ్చుకునే ఒక మెత్తటి సముద్రపు ప్రాణి, ఏ రకానిదో తెలుసుకోవడానికి అంత కాలం పట్టింది. వచ్చినది కూడా పూర్తి జవాబు కాదు. ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు, జీనస్) పేరు తేలింది, జాతి (స్పీసీస్) పేరు తేలలేదు. ఒడ్డున ఇలాంటి ప్రాణి కనబడి దీని పేరేమిటా అని ఎవరికైనా అనిపిస్తే, ఆ తర్వాత ఏం జరుగుతుందో, ఎక్కడ ఎంతకాలం ఎదురుచూడాలో, ఎక్కడ మనసుకు కష్టంగా ఉంటుందో ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

2025 జనవరి 16, ముక్కనుమ. హైదరాబాద్ నుంచి అన్నయ్య వాళ్లు వచ్చారు. సాయంత్రం అందరం జోడుగుళ్లపాలెం వైపు వెళ్లాం. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఆగిపోయిన సంగతి గుర్తున్నవాళ్లకు ఆ చుట్టుపక్కల బండలు తెలిసే ఉంటాయి. పౌర్ణమి వెళ్లి మూడు రోజులే అయింది కాబట్టి నీళ్లు బాగా లాగాయి, మామూలుగా మునిగి ఉండే రాళ్లు బయటపడ్డాయి. మా మేనకోడలు తొమ్మిదో తరగతి. రెండు బండల మధ్య పగులులోకి వంగి చూసి "అత్తా, ఈ రాయి మెత్తగా ఉంది!" అని అరిచింది.

రాయి కాదది. తడి రేగుపండులా గుండ్రంగా ముడుచుకున్న ఒక ప్రాణి. ఒంటినిండా గవ్వ ముక్కలు, ఇసుక రేణువులు అంటించుకుని ఉంది. అలాంటివే ఆ పగులు పొడుగునా వరసగా ఉన్నాయి. పక్కనే చిన్న నీటిగుంటలో అవే విచ్చుకుని కనిపించాయి. మధ్యలో సన్నటి చీలికలా నోరు, చుట్టూ సన్నటి వేళ్లలాంటి, బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ స్పర్శకాలు, వాటి మీద తెల్లటి మచ్చలు. పిల్ల వేలు తగలగానే స్పర్శకాలు జిగటగా అంటుకుని, మరుక్షణం లోపలికి పోయాయి. వెనక్కి లాగేశాను. ఏమీ కాలేదు, దురద కూడా లేదు. అయినా చేతులు కడుక్కునేదాకా కళ్లు నలుపుకోవద్దని చెప్పాను. ఇది ఎవరికైనా చెబుతాను. వాటి స్పర్శకాల నిండా దంశకణాలు, అంటే కుట్టే కణాలు, ఉంటాయి. అరచేతి చర్మం మందం కాబట్టి ఊరుకుంటుంది, కన్ను ఊరుకోదు.

ఆ రాత్రి పిల్ల రైలెక్కుతూ "పేరు కనుక్కుని చెప్పు అత్తా" అంది. మాట ఇచ్చాను.

ఫోన్‌లో ప్రకృతి ఫోటోలు పెడితే పేరు సూచించే యాప్ ఒకటి ఉంది. పెట్టగానే ఒక పేరు చెప్పింది: ఆంథోప్లూరా ఎలిగాంటిసిమా. మొదటి మాట ప్రజాతి, రెండోది జాతి. ఆ రాత్రి పన్నెండు దాకా దాని గురించే చదివాను. అది అలాస్కా నుంచి మెక్సికో బాజా కాలిఫోర్నియా దాకా, పసిఫిక్ చల్లటి నీళ్లలో ఉండేది. మన బంగాళాఖాతానికి దానికి ఏ సంబంధమూ లేదు. అక్కడివాళ్లు లక్షల్లో ఫోటోలు పెట్టారు, మన తీరం నుంచి పెట్టినవి చాలా తక్కువ. కాబట్టి యంత్రానికి తెలిసిన ముఖం అదే. మీకూ మొదటి నిమిషంలోనే ఒక పేరు వస్తుంది. ఆ ప్రాణి ఏ సముద్రంలో ఉంటుందో ముందు చూసుకోండి.

తర్వాత ఆ ఫోటోల కింద మనుషుల మాటలు మొదలయ్యాయి. రెండు వారాలు ఎవరూ పలకలేదు. పలికిన మొదటి ఆయన అసలు ఇది ఎనిమోనే కాదు, దానికి దగ్గరి చుట్టమైన జోయాంథిడ్ అనే వేరే ప్రాణి కావచ్చన్నారు. నా గుండె జారింది, ఎందుకంటే విశాఖ బండల మీద జోయాంథిడ్లు పరుపు పరిచినట్టే ఉంటాయి. పాలిథోవా అనే జోయాంథిడ్ ఒంట్లో కూడా ఇసుక ఉంటుంది. పైనుంచి తీసిన ఫోటోలో రెండూ దాదాపు ఒకలాగే కనిపిస్తాయి. తేడా ఆయనే చెప్పారు. పాలిథోవాలో ఇసుక చర్మం లోపలికి ఇంకిపోయి ఉంటుంది, గీకినా రాదు. పైగా అడుగున ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఎనిమోన్‌ అయితే దేనికది విడిగా ఉంటుంది, గవ్వ ముక్కలు ఒంటి పైన అంటుకుని ఉంటాయి. "అడుగు చూడండి, పక్క చూడండి, పైనుంచి తీసిన అందమైన ఫోటో వద్దు" అని రాశారు. ఆ ఒక్క వాక్యమే ఈ మొత్తం వ్యవహారానికి తాళంచెవి అని తర్వాత అర్థమైంది. ఇంకో హెచ్చరిక కూడా చేశారు. పాలిథోవాల్లో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది, గాయం ఉన్న చేత్తో వాటిని గీకొద్దని. మెత్తటి చేతి తొడుగులు ఆ రోజే కొన్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఎనిమోన్ నిపుణురాలు జవాబిచ్చారు. ఏ దేశమో చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడ అడిగినవి చూస్తే ఇంత చిన్న ప్రాణిలో ఇన్ని చూడాలా అనిపించింది. మూసుకున్నప్పటి ఫోటో, విచ్చుకున్నప్పటి ఫోటో, పక్క నుంచి కాండం (స్పర్శకాల కింద ఉండే గొట్టంలాంటి ఒళ్లు), కాండం మీద బుడిపెలు వరసలుగా ఉన్నాయా చెల్లాచెదురుగానా, ఆ వరసలు కింది దాకా వెళ్తాయా పైనే ఆగిపోతాయా, బుడిపెలకు రాళ్లు అంటుకుంటాయా లేదా, స్పర్శకాలకు బయటి వైపు అంచులో తెల్లటి పూసల్లాంటివి ఉన్నాయా. పక్కన స్కేలు తప్పనిసరి.

ఆ తెల్ల పూసలను అక్రోరాగై అంటారు. పక్కన తనలాంటిదే కానీ తన వంశానిది కాని ఎనిమోన్ ఆనుకుంటే, వాటిని ఉబ్బించి పోట్లాడతాయట. ఇంత మెత్తగా, కదలకుండా ఉండేది యుద్ధం చేస్తుందంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రి ఇంట్లో అందరికీ చెప్పాను.

ఇక పనిలోని అసలు కష్టం. సముద్రం మన సెలవులు చూసి లాగదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీళ్లు బాగా లాగుతాయి. అలా నీళ్లు లాగడాన్నే పాటు అంటారు, ఆ రోజుల్లో మన దగ్గర అది మధ్యాహ్నం దాటాక వస్తుంది. నేను బడిలో లెక్కలు చెబుతాను, నాలుగింటి దాకా కదలలేను. కాబట్టి పాటు, శనివారమో ఆదివారమో, వెలుతురు, ఈ మూడూ కుదరాలి. దానికి తోడు అలల హెచ్చరిక. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరానికి ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. బండల మీదకు వెళ్లే ముందు అది చూడకుండా బయల్దేరకండి. ఫిబ్రవరి 12 పౌర్ణమి, 15 శనివారం. ఆ ఒక్క సాయంత్రం కోసం దాదాపు పది రోజులు కాచుకున్నాను.

కొన్న సామాను కూడా చెబుతాను, ఎందుకంటే పనికొచ్చినవి నేను ఊహించినవి కావు. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ 900 రూపాయలు. నాచు మీద జారని రబ్బరు బూట్లు 700. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం 350. ఇవన్నీ పనికొచ్చాయి కానీ అసలు మహారాణి మాత్రం కేజీహెచ్ ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపులో వంద రూపాయల లోపు దొరికిన పళ్ల డాక్టరు అద్దం. పొడుగాటి కాడకు చివర గుండ్రటి చిన్న అద్దం. పగుళ్లలోకి మన తల పట్టదు, ఫోను అసలే పట్టదు. ఆ అద్దం లోపలికి పెట్టి, అద్దంలో కనిపించే బొమ్మను ఫోటో తీస్తే ఎనిమోన్ పక్క భాగం, అడుగు అన్నీ కనిపిస్తాయి. దాంతో పాటు సూది లేని సిరంజి ఒకటి తెమ్మని మెడికల్ షాపు అబ్బాయితో అంటే ఎందుకని అడిగాడు. చెప్తే నవ్వలేదు, "ఫోటో చూపించండి మేడమ్" అన్నాడు.

15వ తేదీ సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని పగులులోకి చూస్తుంటే, వల భుజాన వేసుకుని వెళ్తున్న పెద్దాయన ఆగారు.

"ఏటమ్మా ఎతుకుతున్నారు? ఉంగరం గానీ పడిపోనాదేటి?"

"లేదు బాబాయ్, ఈ జీవాన్ని చూస్తున్నాను" అని చూపించాను. ఆయన వంగి చూశారు. "ఇవా! కాలికంటుకుంటాయి, జిగట. సిన్నప్పుడు పుల్లలెట్టి గెలికేవోళ్లం." కొంచెం సేపు నిలబడి, "అటేపు బండ మీద కాలెట్టకండి, నాచు. పాటింకో గంటుంటాది, తర్వాత పోటెత్తేస్తాది. అప్పుడు ఎనక్కి సూసుకోకుండా ఒచ్చీండి" అన్నారు. ఆయన చెప్పిన గంట, నా ఫోన్‌లోని ఆటుపోట్ల సమయం కన్నా సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా ముందు ఆయన కనిపిస్తారేమోనని చూసేదాన్ని.

విచ్చుకున్న ఎనిమోన్‌ను ఫోటో తీయాలంటే కదలకుండా కూర్చోవాలి. మన నీడ పడినా ముడుచుకుంటుంది, రాయి మీద అడుగు గట్టిగా పడినా ముడుచుకుంటుంది. మళ్లీ విచ్చుకోవడానికి పది పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. అంతలో ఒక అల వస్తుంది. నీటి మీద ఆకాశం మెరిసి ఏమీ కనబడదు. దానికి ఉపాయం, అడుగు స్పష్టంగా కనిపించే ప్లాస్టిక్ డబ్బాను నీటిపై ఆనించి దాని లోంచి చూడడం. మెరుపు పోతుంది, అలల ముడతలు పోతాయి, కింద ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

సిరంజితో సముద్రపు నీటిని గవ్వ ముక్కల మీదకు చిమ్మాను. ఊరికే పైన పడి ఉన్న ఇసుక కొట్టుకుపోయింది. గవ్వ ముక్కలు కదల్లేదు. ఒక్కో బుడిపె ఒక్కో ముక్కను పట్టుకుని ఉంది. నాకు ఇది ఎందుకంత ముఖ్యమంటే, మన తీరాల్లో ఇలాంటి రూపంతోనే ఉండే బునోడోసోమా అనే మరో ప్రజాతి ఉంది. దాని ఒంటి నిండా కూడా బుడిపెలే, కానీ వాటికి ఏదీ అంటుకోదు. యాప్ చెప్పిన ఆంథోప్లూరా ప్రజాతి బుడిపెలు జిగురువి. గవ్వ ముక్కలు కప్పుకుని ఉంటే పాటు వేళ ఎండకు ఒళ్లు ఆరిపోదు. అంటే ఆ చిన్న ముక్క కదిలిందా కదల్లేదా అన్నదాని మీద ప్రజాతి పేరే ఆధారపడి ఉంది.

వెలుతురు పోయే వేళకు అద్దంలో, స్పర్శకాల కింద, అంచు చుట్టూ తెల్లటి చుక్కలు వరసగా కనిపించాయి. అక్రోరాగై. చేతులు వణికాయి, ఫోటోల్లో సగం మసకబారాయి. మిగిలిన సగం చాలు. ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా అన్నీ పంపించాను.

నిపుణురాలి నుంచి ఫిబ్రవరి ఆఖరు వారంలో జవాబు వచ్చింది. ఆంథోప్లూరా ప్రజాతి అన్నారు, అంటే యాప్ చెప్పిన పేరులో మొదటి మాట సరైనదే. ఫోటోలతో ఇంతకు మించి ఎవరూ వెళ్లలేరని, జాతి చెప్పాలంటే లోపలి నిర్మాణం, దంశకణాల కొలతలు కావాలని, అంటే నమూనా కావాలని రాశారు.

మా వీధిలో రిటైరైన జువాలజీ లెక్చరర్ గారు ఉన్నారు. అందరం మాస్టారు అంటాం. ఫోటోలు తీసుకుని వెళ్లాను. ఆయన చూసిన చూపు నేను మర్చిపోలేను. అద్దాలు తుడుచుకుని, ఫోన్ దగ్గరగా పెట్టుకుని, "ఇవి ఇన్నేళ్లూ నా కాళ్ల కిందే ఉన్నాయమ్మా" అన్నారు. మన దేశంలో వీటి మీద పని చేసినవాళ్ల గురించి చెప్పారు. 1930లలో మద్రాసు దగ్గర ఉప్పు కలిసిన నీళ్లలో ఎనిమోన్లను చూసిన ఎన్.కె. పణిక్కర్, తర్వాతి రోజుల్లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు మొదటి డైరెక్టర్ అయ్యారు. 1968లో పరులేకర్ అనే శాస్త్రవేత్త ఒక ఆంథోప్లూరాకు ఆయన పేరే పెట్టారు, ఆంథోప్లూరా పణిక్కరై అని. 1993లో డెన్ హార్టోగ్, వెన్నం అనే ఇద్దరు పడమటి తీరం ఎనిమోన్ల మీద రాసిన పత్రంలో అంజునా తీరం పేరుతో ఆంథోప్లూరా అంజునే, గోవా పేరుతో బునోడోసోమా గోవానెన్సే వచ్చాయి. ఆ పత్రం ఉచితంగానే దొరుకుతుంది. జంతుశాస్త్రం చదవని నాకు ఒక్కో పేరా అర్థం కావడానికి ఒక్కో సాయంత్రం పట్టింది, అయినా ఇష్టంగా చదివాను. ఒక ఊరి పేరు, ఒక మనిషి పేరు ఒక జీవికి అలా అంటుకుని మిగిలిపోవడం నాకు ఎంతో నచ్చింది.

మాస్టారు సాయంతో మార్చి మొదట్లో పరిశోధకులకు మెయిళ్లు రాశాను. చాలామంది పలకలేదు. దానికి నొచ్చుకోలేదు గానీ టెన్షన్ మాత్రం పడ్డాను, రోజుకు ఎన్నోసార్లు మెయిల్ తెరిచి చూసేదాన్ని. దాదాపు మూడు వారాలకు ఒక పరిశోధక విద్యార్థి రాశారు. తీరప్రాంత జీవుల ప్రాజెక్టులో ఉన్నానని, నమూనాలు తీయడానికి అనుమతి ఉందని, నెలాఖరు అమావాస్యకు విశాఖ వస్తున్నానని.

మార్చి 29 అమావాస్య, 30 ఉగాది, 31 రంజాన్. మాకు వరసగా సెలవులు కలిసొచ్చాయి. మన తీరంలో సముద్ర మట్టం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లలో బాగా తక్కువ, వానలు వెళ్లాక అక్టోబర్, నవంబర్‌లలో ఎక్కువ. పైగా ఆ అమావాస్య నాటికి చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నాడు. ఇవన్నీ కలిసి 31వ తేదీ సాయంత్రం సముద్రం ఎంత లాగిందంటే, నేను అప్పటిదాకా చూడని బండలు బయటపడ్డాయి. ఎనిమోన్ల వరస నేననుకున్నదాని కన్నా చాలా కింది దాకా ఉంది.

ఆ సాయంత్రం గురించి రాయడం కష్టం. వచ్చినాయన నెమ్మదైనవాడు. ముందు ఫోటోలు తీశాడు, నీటి వేడి చూశాడు, ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాసుకున్నాడు. తర్వాత పలచటి బద్దను ఎనిమోన్ అడుగు కిందకు నెమ్మదిగా తోశాడు. ఆ అడుగు చిరిగితే నమూనా పనికి రాదు, అందుకని చాలా సేపు పట్టింది. నేను ఆ పగులు దగ్గర ఎన్నో సాయంత్రాలు కూర్చున్నాను. ఏది ముందు విచ్చుకుంటుందో, ఏది ఆలస్యంగా విచ్చుకుంటుందో నాకు తెలుసు. "తీయక తప్పదా?" అని అడిగాను. "జాతి కావాలంటే తప్పదు మేడమ్. వద్దంటే ఇక్కడితో ఆపేద్దాం, ప్రజాతి పేరు కూడా చిన్నదేమీ కాదు" అన్నాడు. నిజంగానే చేతులు వెనక్కి తీసుకుని నా జవాబు కోసం ఆగాడు.

నేను కాసేపు ఏమీ చెప్పలేకపోయాను. చుట్టూ వందలకొద్దీ ఉన్నాయి. ఆంథోప్లూరాల్లో కొన్ని తమను తాము నిలువునా రెండుగా చీల్చుకుని పెరుగుతాయి, కాబట్టి పక్కపక్కనున్నవి ఒకే ప్రాణికి ప్రతులు కావచ్చని ఆయన చెప్పాడు. ఆ మాట కొంత ధైర్యం ఇచ్చింది. ఒక్కటే తీయండి, పెద్ద గుంటలోది వద్దు అన్నాను. ఒక్కటే తీశాడు. పెద్ద గుంటలోవి ముట్టుకోలేదు.

మాస్టారు చదువు చెప్పిన కాలేజీ ల్యాబ్‌లో ఆ రాత్రి దాన్ని సముద్రపు నీటి గిన్నెలో ఉంచారు. అది పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, నీళ్ల మీద మెంథాల్ పలుకులు చల్లారు. అది మత్తు. మత్తెక్కకుండా ఫార్మలిన్‌లో (నమూనా చెడిపోకుండా ఉంచే ద్రవం) వేస్తే బిగుసుకుపోయి లోపలేముందో చూడడం కుదరదట. ముట్టుకున్నా ముడుచుకోని స్థితికి రావడానికి గంటలు పట్టింది. తెల్లవారుజామున ముందు ఒక చిన్న ముక్క కోసి డీఎన్‌ఏ కోసం ఆల్కహాల్‌లో వేశారు, మిగిలినదాన్ని ఫార్మలిన్‌లోకి మార్చారు. నేను అక్కడే ఉన్నాను. ఉండాలనిపించింది. ముందు నేనే వెతకడం మొదలుపెట్టాను కాబట్టి దాని చివరిదాకా చూడడం నా బాధ్యత అనుకున్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు.

ఏప్రిల్ అంతా ఏమీ జరగలేదు.

మే మధ్యలో సెలవులు, మాస్టారు ఫోన్ చేసి ల్యాబ్‌కు రమ్మన్నారు. స్పర్శకం కొనను గాజు పలక మీద నలిపి, వెయ్యి రెట్లు పెద్దగా చూపించే లెన్స్ కింద పెట్టారు. ఇంత అందం అక్కడ ఉంటుందని నేను అనుకోలేదు. సన్నటి గింజల్లాంటివి కొల్లలుగా, ఒక్కో గింజలో చుట్ట చుట్టిన దారం. సమంగా చుట్టుకున్నవి స్పైరోసిస్టులు, అవి అంటుకోవడానికి. ముక్కనుమ నాడు పిల్ల వేలికి అంటిన జిగట అదేనన్నమాట. పొడుగ్గా సన్నగా ఉన్నవి గుచ్చేవి. తర్వాత ఒక తెల్ల పూసలోంచి తీసిన ముక్క పెట్టారు. అందులో లావుగా, దారం పొడుగునా ముళ్లున్నవి కనిపించాయి, హోలోట్రిక్కులు. పోట్లాటకు వాడేవి అవే. "ఇవి ఉన్నాయి కాబట్టి మీ తెల్ల పూసలు నిజంగా అక్రోరాగైనే" అన్నారు మాస్టారు. ఫిబ్రవరిలో అద్దంలో మసకగా చూసినదానికి సాక్ష్యం అక్కడ దొరికింది. ఒక్కో రకంలో పదుల కొద్దీ గింజల పొడవు, వెడల్పు కొలిచి రాయాలి. లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఆ పని నాకు ఇచ్చారు. రెండు మధ్యాహ్నాలు ఏసీ లేని ఆ గదిలో చెమటలు కారుతూ కొలిచాను. ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అది.

స్పర్శకాల లెక్క మాత్రం తేలలేదు. పుస్తకం ప్రకారం ఆరు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు, నలభై ఎనిమిది, ఇలా వలయాలుగా పెరిగి తొంభై ఆరు కావాలి. మా దానికి డెబ్భై పైచిలుకు, వలయాలు కూడా సరిగ్గా కుదరలేదు. చీలి పెరిగే ఎనిమోన్లలో ఈ లెక్క తప్పడం మామూలేనట.

తర్వాత కండరాల, అడ్డుపొరల అమరిక చూడడానికి మైనంలో పొదిగి పలచటి పొరలుగా కోయాలి. దానికి వరసలో చాలా నమూనాలు ఉన్నాయన్నారు. జూన్ వెళ్లింది, జులై వెళ్లింది. వానాకాలం అలలకు నేను బండల వైపు వెళ్లలేదు. మేనకోడలు వారం వారం అడిగేది, తర్వాత నెలకోసారి అడిగేది.

ఆగస్టు రెండో వారంలో విద్యార్థి మెయిల్ వచ్చింది. సీసా మీద అంటించిన చీటీ ఫోటో కూడా పెట్టాడు. ఆంథోప్లూరా, జాతి నిర్ధారణ కాలేదు, విశాఖపట్నం, 31-3-2025. పడమటి తీరంలో వర్ణించిన రెండు జాతులతోనూ, హవాయి నుంచి 1928లో వెర్రిల్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఆంథోప్లూరా నైగ్రిసెన్స్‌తోనూ పోల్చాడు. కొన్ని లక్షణాలు ఒకదానితో, కొన్ని ఇంకోదానితో కలుస్తున్నాయి, దంశకణాల కొలతలు దేనితోనూ పూర్తిగా కలవడం లేదు. ఒక్క నమూనాతో పేరు పెట్టడం సరికాదు, పాత నమూనాలను పక్కన పెట్టుకుని చూడాలి అని రాశాడు. డీఎన్‌ఏతో తేలిపోతుందేమోనని అడిగాను. చాలా జంతువుల్లో జాతిని పట్టించే మైటోకాండ్రియా జన్యువు ఎనిమోన్లలో చాలా నెమ్మదిగా మారుతుందట, దగ్గరి జాతుల మధ్య తేడా ఏమీ కనిపించకపోవచ్చట. అందుకని ఎన్నో జన్యువులు కలిపి చూడాలి, దానికి డబ్బు కావాలి.

నాకు నిరాశ కలగలేదంటే అబద్ధం. పేరు చెబుతానని పిల్లకు మాట ఇచ్చాను. ఆ రాత్రి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటు కాసేపు మాట లేదు. తర్వాత "అంటే అది ఏదో ఇంకా ఎవరికీ తెలీదా అత్తా?" అని అడిగింది. కొత్త జాతి అని కాదు, ఇప్పటికే పేరున్నదే కావచ్చు, మన దగ్గరిది ఏదో తేల్చేంతగా ఇంకా ఎవరూ చూడలేదు అని చెప్పాను. సంక్రాంతికి మళ్లీ వస్తానంది, అద్దం తనకే కావాలంది.

నేను ఖర్చు పెట్టింది ఆటోలతో కలిపి నాలుగు వేల లోపే. ల్యాబ్ పనికి నా దగ్గర ఎవరూ డబ్బు తీసుకోలేదు. సొంతంగా చేయించుకోవాలంటే మాత్రం అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే, మొదటి రోజే పక్క ఫోటో, అడుగు ఫోటో, మూసుకున్నప్పటి ఫోటో, స్కేలుతో సహా తీసుకోండి. నమూనా మీరు తీయకండి, అనుమతి ఉన్నవాళ్లు వచ్చేదాకా ఆగండి. అంతదాకా అది ఎక్కడికీ పోదు.

ఆల్కహాల్‌లో వేసిన ముక్క ల్యాబ్ ఫ్రిజ్‌లోనే ఉంది. వచ్చే మార్చి పాట్లకు యారాడ వైపు, భీమిలి వైపు బండలు కూడా చూసి, అక్కడ ఇదే ఉందో ఇంకోటి ఉందో ఫోటోలతో రాసి పంపమని ఆ విద్యార్థి అడిగాడు. అమావాస్య తేదీలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను.